త్రీనాట్‌త్రీకి కొత్త సామాన్లు: ఏది మార్చొచ్చు, దేనికి రంపం పెట్టకూడదు

తిరుపతిలో బుల్లెట్ బండిని మార్పించుకోవడం కొత్త సంగతేమీ కాదు. రేణిగుంట రోడ్డు వెంట ఏ మెకానిక్ షెడ్డు ముందు ఆగినా పాత బండి ఒకటి ఊడదీసి కనిపిస్తుంది, పక్కన కొత్త సైలెన్సర్, వెడల్పు హ్యాండిల్, ఇంకా కవరు విప్పని ఒంటి సీటు పెట్టి ఉంటాయి. పొద్దున ఇచ్చిన బండి సాయంత్రానికి వేరే బండి అయిపోతుంది. నచ్చకపోతే నెల తర్వాత పాత సామానే మళ్లీ బిగించమంటే బిగిస్తారు, బండికి వచ్చే నష్టం ఏమీ ఉండదు. ఇదే అలవాటుతో చాలామంది కుర్రాళ్లు పాత మిలిటరీ రైఫిళ్లను కూడా చూస్తున్నారు. అమెరికా వాళ్ల వీడియోల్లో 80 ఏళ్ల కిందటి రైఫిల్‌ని గ్రీజు పొట్లంలోంచి తీసి, చెక్కంతా పీకేసి, భుజానికి ఆనే నల్ల ప్లాస్టిక్ బట్ వేసి, పైన స్కోప్, కింద రెండు కాళ్ల స్టాండు తగిలించి అరగంటలో కొత్తదానిలా చూపిస్తారు. చూడటానికి బాగుంటుంది. కానీ అందులో సగం పనులు ఆ రైఫిల్‌కి చెడే తప్ప మంచి చేయవు, ఎందుకో తెలియాలంటే దాని లోపల ఏముందో కాస్త చూడాలి.

బుల్లెట్‌కీ తుపాకీకీ పోలిక ఊరికే రాలేదు. ఇంగ్లండులో ఎన్‌ఫీల్డ్ అనే చోట ప్రభుత్వ తుపాకుల కర్మాగారం ఉండేది, దానికి భాగాలు చేసిచ్చిన సైకిల్ కంపెనీయే ఆ పేరు తగిలించుకుని రాయల్ ఎన్‌ఫీల్డ్ అయింది. ఫిరంగి బొమ్మ, 'తుపాకీలా తయారైంది' అనే నినాదం అక్కడి నుంచి వచ్చినవే. 1955లో మద్రాసులో బుల్లెట్ తయారీ మొదలయ్యాక చిత్తూరు, తిరుపతి రోడ్ల మీద ఆ పేరు ఇంటి పేరులా నిలిచిపోయింది. అదే ఎన్‌ఫీల్డ్‌ పేరుతో వచ్చిన రైఫిలే మన పోలీసు స్టేషన్లలో సెంట్రీ చేతిలో పదుల ఏళ్లు ఉన్న త్రీనాట్‌త్రీ (.303). రెండిటికీ పేరు ఒకటే, పని చేసే తీరు మాత్రం పూర్తిగా వేరు. బండికి సీటు మారిస్తే ఇంజనుకు తెలియను కూడా తెలియదు. రైఫిల్‌లో చెక్క మారిస్తే ఇంజనుకు తెలుస్తుంది. పాత మిలిటరీ రైఫిల్‌లో చెక్క కూడా యంత్రంలో ఒక భాగమే, ఈ ఒక్క మాట అర్థమైతే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

దీనికి ట్రిగ్గర్ కంటే మంచి ఉదాహరణ లేదు. త్రీనాట్‌త్రీలో రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. మొదటిది 1907లో వచ్చి మొదటి ప్రపంచ యుద్ధమంతా నడిచిన నంబర్ 1 మార్క్ 3, మన పశ్చిమ బెంగాల్‌లోని ఈశాపూర్ ఫ్యాక్టరీలో ఎన్నో ఏళ్లు తయారైంది ఇదే. రెండోది రెండో ప్రపంచ యుద్ధం నాటి నంబర్ 4. ఈ రెండిట్లోనూ ట్రిగ్గర్ని ఇనుప బాడీకి బిగించలేదు, కింద ఉండే ట్రిగ్గర్ గార్డుకి వేలాడదీశారు. ఆ గార్డుకీ పైన బాడీకీ మధ్యలో ఉన్నది చెక్క. వానల్లో చెక్క తేమ పీల్చి ఉబ్బితే గార్డు కాస్త కిందికి జరుగుతుంది, దాంతోపాటు ట్రిగ్గరూ జరుగుతుంది. మే నెల ఎండలో చెక్క ఎండి కుంచించుకుపోతే పైకి వస్తుంది. అంటే ఎండాకాలంలో ఒక తీరుగా పడే ట్రిగ్గర్ వానాకాలంలో ఇంకో తీరుగా పడుతుంది, అదీ ఎవరూ చెయ్యి పెట్టకుండానే. ఈ బాధ పడలేకే 1949లో వచ్చిన నంబర్ 4 మార్క్ 2లో ట్రిగ్గర్ని నేరుగా ఇనుప బాడీకి మార్చారు. ఆ చెక్క బిగించినవాళ్లకే అంత కాలం తల నొప్పిగా ఉన్న సంగతిని, డబ్బాలో వచ్చిన ప్లాస్టిక్ స్టాకు ఒకటి తగిలించి తేల్చేయొచ్చనుకుంటే ఎలా కుదురుతుంది?

ఏర్పేడు దగ్గర మాధవమాలలో చెక్క బొమ్మలు చెక్కేవాళ్లకి ఇది వివరించక్కర్లేదు. ఆరని చెక్కతో చేసిన దేవుడి బొమ్మ ఏడాది తిరిగేసరికి చీలుతుందని వాళ్లకి పుట్టుకతోనే తెలుసు, నార ఎటు పోతుందో చూడకుండా ఉలి వేయరు. రైఫిల్ చెక్క చెక్కినవాళ్లూ అంతే. ముందు చెక్కని, అదే ఫోరెండ్‌ని, తీసి లోపలి వైపు చూస్తే వెనక భాగంలో రెండు చిన్న మెట్లు కనిపిస్తాయి. రౌండు, అంటే తూటా, పేలినప్పుడు బాడీ మొత్తం వెనక్కి తన్నే దెబ్బ ఆ రెండు మెట్ల మీదే పడుతుంది. అవి అటూ ఇటూ సమానంగా ఆనకపోతే ప్రతి రౌండుకీ గురి కొంచెం కొంచెంగా పక్కకి పోతుంది, ఒక మెట్టు నలిగిపోతే రెండోదాని మీద భారం పడి చెక్క చీలుతుంది. ఈశాపూర్ వాళ్లు దీనికి చేసిన మరమ్మతు చూడముచ్చటగా ఉంటుంది. మెత్తబడే చోట చెక్క కాస్త కోసేసి రాగి, ఇత్తడి లాంటి రేకు ముక్కలు పొదిగారు, చెక్క చీలకుండా అడ్డంగా ఒక స్క్రూ దింపారు. పైనుంచి చూస్తే చిన్న స్క్రూ తల ఒకటి కనిపిస్తుంది, అంతే. మన వేడికీ తేమకీ తట్టుకోవాలని మన ఫ్యాక్టరీ చేసిన మార్పు అది. కస్టమైజేషన్ అనే మాటకి నిజమైన అర్థం కావాలంటే ఆ స్క్రూ తలలో ఉంది.

ఫోరెండ్ చివర కూడా ఊరికే లేదు. నంబర్ 1 మార్క్ 3లో బ్యారెల్ ముందు కొస దగ్గర చెక్క లోపల ఒక చిన్న స్ప్రింగు, దాని మీద ఒక పిన్ను ఉంటాయి, అవి బ్యారెల్‌ని కొంచెం పైకి నొక్కిపట్టి ఉంచుతాయి. నంబర్ 4లో ముక్కు దగ్గర చెక్కే బ్యారెల్‌ని పైకి ఒత్తుతుంది. రౌండు పేలినప్పుడు బ్యారెల్ కొట్టిన గంటలా వణుకుతుంది, ఆ వణుకు ప్రతిసారీ ఒకేలా ఉండేటట్టు చేసేది ఈ ఒత్తిడే. ఇప్పుడు వేట రైఫిల్లా సన్నగా కనిపించాలని ముందు చెక్కని సగానికి కోసేస్తే ఏమవుతుంది? ఒత్తే చోటే లేకుండా పోతుంది. రైఫిల్ బరువు తగ్గుతుంది, అందం వస్తుందనుకుంటారు, గురి మాత్రం చెదిరిపోతుంది. తర్వాత దాన్ని కుదుర్చుకోవడానికి వేరే పద్ధతులు ఉన్నాయి, బ్యారెల్ చుట్టూ ఎక్కడా ఏదీ తగలకుండా ఖాళీ ఇవ్వడం, వెనక భాగాన్ని గట్టి రెసిన్‌తో పోతపోసి కూర్చోబెట్టడం లాంటివి, కానీ అదంతా చెయ్యి తిరిగిన గన్‌స్మిత్ పని. రంపం పట్టుకున్న మొదటి రోజు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

రౌండుని వెనక నుంచి మూసిపట్టే బోల్ట్ దగ్గర మాత్రం విషయం అందం నుంచి ప్రాణం దాకా వెళ్తుంది. త్రీనాట్‌త్రీ రౌండుకి అడుగున అంచు ఉంటుంది, ఆ అంచు మందానికీ బోల్ట్ ముఖానికీ మధ్య ఉండాల్సిన ఖాళీ చాలా సన్నని లెక్క. ఖాళీ ఎక్కువైతే పేలేటప్పుడు రౌండు ఇత్తడి గొట్టం, అదే కేసు, సాగి తెగుతుంది, వేడి గ్యాసు వెనక్కి, అంటే కంటి వైపుకి వస్తుంది. నంబర్ 4లో అందుకే బోల్ట్ తల విడిగా ఉంటుంది, 0, 1, 2, 3 అని నంబర్లు వేసి ఒకదానికంటే ఒకటి కొంచెం పొడుగ్గా చేశారు. ఏ రైఫిల్‌కి ఏ నంబరు సరిపోతుందో గేజి పెట్టి చూసి బిగించేవారు, బోల్ట్ మీద ఆ రైఫిల్ నంబరే కొట్టేవారు. కాబట్టి సర్‌ప్లస్, అంటే సైన్యం వాడి అమ్మేసిన, రైఫిల్ ఏదైనా ముందు చూడాల్సింది బాడీ మీద నంబరూ బోల్ట్ మీద నంబరూ ఒకటేనా అని. ఒకటి కాకపోతే, మెరుగు ఎంత బాగున్నా, అమ్మేవాడు ఎంత తియ్యగా చెప్పినా, గేజి పెట్టి చూసే వరకు అందులో రౌండు పెట్టకూడదు. ఇంకో రైఫిల్ బోల్ట్ తెచ్చి మెరిసేలా పాలిష్ చేసి ఇందులో వేయడం సరదా పని కానే కాదు.

స్కోప్ గురించి ఎక్కువ మాట్లాడుకోవాలి, ఎందుకంటే అందరూ ముందు అడిగేది అదే. మిలిటరీ రైఫిల్‌ని తయారు చేసింది ఇనుప సైట్‌తో కొట్టేవాడి కోసం. బట్ మీద చెంప ఆనిస్తే కన్ను సరిగ్గా సైట్ ఎత్తుకి వస్తుంది. దాని మీద రెండు అంగుళాల ఎత్తులో స్కోప్ పెడితే చెంప గాల్లో ఉంటుంది, మెడ లేపి చూడాలి, ప్రతిసారీ కన్ను ఒకే చోటికి రాదు. చెంప కింద ఎత్తు ఇవ్వకుండా స్కోప్ ఒక్కటే బిగిస్తే ఖర్చు దండగ. బ్రిటిష్ వాళ్లు రెండో ప్రపంచ యుద్ధంలో స్నైపర్ల కోసం నంబర్ 4 టీ చేసినప్పుడు ఏం చేశారో చూస్తే తెలుస్తుంది. ముందు ఫ్యాక్టరీలో పరీక్షించి బాగా గురి కుదిరిన రైఫిళ్లనే ఏరారు. వాటిని హాలండ్ అండ్ హాలండ్ అనే పేరున్న తుపాకుల కంపెనీకి పంపారు. అక్కడ చెక్కని మళ్లీ కూర్చోబెట్టి, ఎడమ పక్క మౌంటు బిగించి, బట్ మీద చెంప ఆనే చెక్క దిమ్మ అంటించి, స్కోప్ మౌంటు మీద ఆ రైఫిల్ నంబరు, బట్ మీద ఆ స్కోప్ నంబరు వేసి, ఆ స్కోప్ ఆ రైఫిల్‌కే అని రాసిపెట్టారు. 20 వేలకు పైగా రైఫిళ్లకు ఇలా చేశారు. వాళ్లు మొదలుపెట్టింది మంచి రైఫిల్ ఏరడంతో, స్కోప్ ఆఖరి పని. ఇప్పుడు చాలామంది తిప్పి చేస్తున్నారు, అరిగిపోయిన బ్యారెల్ మీద ఖరీదైన స్కోప్ పెట్టి గురి కుదరడం లేదని బాధపడుతున్నారు.

ఇంకో చిక్కు ఉంది. పాత రైఫిళ్లలో రౌండ్లు పైనుంచి, ఐదేసి ఉన్న క్లిప్పుతో నొక్కి నింపుతారు. స్కోప్ పైన అడ్డంగా కూర్చుంటే క్లిప్పు పోదు, ఒక్కొక్క రౌండూ వేలితో దింపుకోవాలి. రష్యా వాళ్ల మోసిన్ నాగాంట్‌లో ఇంకా కష్టం, దాని బోల్ట్ పిడి వంపు లేకుండా అడ్డంగా ఉంటుంది, పైకి లేపితే స్కోప్‌కి తగులుతుంది. అందుకే సోవియట్ స్నైపర్ రైఫిళ్లకి పిడిని కిందికి వంచి పొడుగు చేశారు. ఇప్పటివాళ్లకి దీనికి మరో దారి దొరికింది, వెనక సైట్ ఉన్న చోట, అంటే బ్యారెల్ మీద ముందుకి, కంటికి దూరంగా పెట్టే స్కౌట్ స్కోప్. రంధ్రం వేయక్కర్లేదు, పాత సైట్ పిన్ను తీసి దాని చోట మౌంటు పెట్టొచ్చు, క్లిప్పుకీ అడ్డు రాదు. కానీ అలాంటి మౌంటు వదులైతే ప్రతి రౌండుకీ కదులుతుంది, పైగా బ్యారెల్ వేడెక్కితే దానితోపాటే వేడెక్కుతుంది. ఫిన్లాండ్ సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1939-40 శీతాకాల యుద్ధంలో పేరు మోసిన సిమో హేహా వాడింది ఫిన్లాండ్ వాళ్లు బాగు చేసుకున్న మోసినే, అదీ ఉత్త ఇనుప సైట్‌తో. స్కోప్ పెడితే తల ఎత్తాలి, అద్దం ఎండకి మెరుస్తుంది, చలికి మసకబారుతుంది, అందుకని వద్దనుకున్నాడు. ఫిన్లాండ్ ఆ రష్యన్ రైఫిల్‌లో డబ్బు పెట్టింది కూడా పైపై సామాన్ల మీద కాదు, మంచి బ్యారెల్, మంచి సైట్, గట్టి చెక్క మీద.

స్కోప్ ఉంటే చాలు అనే నమ్మకానికి చరిత్రలో ఒక చీకటి ఉదాహరణ కూడా ఉంది. 1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీని చంపిన రైఫిల్ ఇటలీ సైన్యపు సర్‌ప్లస్ కార్కానో. చికాగో దుకాణం ఒకటి దానికి జపాన్ స్కోప్ తగిలించి, పోస్టులో 19 డాలర్ల 95 సెంట్లకు అమ్మింది. తర్వాత పరీక్షలు చేసినప్పుడు ఆ స్కోప్ కింద పలుచని రేకులు పెడితే తప్ప గురి సరిగా కుదర్లేదు. ఆ హత్యా, ఆ తర్వాతి హత్యలూ కలిసి 1968లో అమెరికా తుపాకుల చట్టం తెచ్చాయి, పోస్టులో తుపాకీ తెప్పించుకోవడం ఆగింది, విదేశీ సర్‌ప్లస్ రైఫిళ్ల దిగుమతి కూడా చాలా ఏళ్లు ఆగిపోయింది. అంతకు ముందు 1950ల్లో మాత్రం రెండు యుద్ధాల సరుకు అక్కడికి గుట్టలుగా వచ్చింది. చవగ్గా దొరికింది కాబట్టి వేటగాళ్లు కొని చెక్క కోసి, బ్యారెల్ కోసి, రంధ్రాలు వేసి వేట రైఫిళ్లుగా మార్చుకున్నారు. అప్పట్లో వాటికి విలువ లేదు, తప్పు కూడా అనలేం. ఇప్పుడు అదే రైఫిల్ కోయకుండా ఉంటే మంచి ధర పలుకుతుంది, కోసింది సగం ధరకి కూడా పోవడం కష్టం. కోసిన చెక్క మళ్లీ రాదు, బాడీకి వేసిన రంధ్రం పూడ్చినా కనిపిస్తుంది.

చిత్తూరు, పలమనేరు వైపు నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లలో రేంజికి వెళ్లేవాళ్లు, పాత రైఫిల్ కొనుక్కునేవాళ్లు ఉన్నారు. వాళ్లు ఒక విషయం బాగా తెలుసుకోవాలి. సామాన్లు అమ్మకానికి ఉన్నాయంటే బిగించడం చట్టబద్ధమని కాదు. ఎస్‌కేఎస్ లాంటి దిగుమతి సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కి ప్లాస్టిక్ స్టాకు, ఊడే మ్యాగజైన్ లాంటివి పెట్టేటప్పుడు అందులో విదేశీ భాగాలు ఎన్ని ఉండొచ్చో అమెరికా కేంద్ర చట్టం లెక్క పెడుతుంది. స్టాకు మారిస్తే అయిపోతుందనుకుని, తెలియకుండానే నేరం చేసినవాళ్లయ్యే ప్రమాదం ఉంది. రాష్ట్రాన్ని బట్టి ఇంకా కఠినమైన నియమాలు ఉంటాయి. కొనే ముందు చట్టం చదవడం, కొన్న తర్వాత లాయరు దగ్గరికి వెళ్లడం కంటే చాలా చవక.

మన దగ్గర సంగతి ఇంకా స్పష్టం. త్రీనాట్‌త్రీ, 7.62 లాంటి సైనిక కాలిబర్లు, అంటే సైన్యం వాడే గుండు కొలతలు, ఇక్కడ నిషిద్ధ బోరు, మామూలు మనిషికి లైసెన్సు రాదు. బ్రిటిష్ కాలం నుంచే సైన్యం వాడే రౌండు జనం చేతికి పోకూడదనే లెక్క ఉంది, అందుకే ఈశాపూర్ ఫ్యాక్టరీ జనం కోసం .315 అనే వేరే కాలిబర్ రైఫిల్ చేసింది, చూడటానికి త్రీనాట్‌త్రీకి తమ్ముడిలా ఉంటుంది. జైళ్లలో, కాపలాకి వాడే పోలీసులకి ఇంకో విచిత్రమైన మార్పు చేశారు. త్రీనాట్‌త్రీ బ్యారెల్ లోపలి గాడులు తీసేసి .410 మస్కెట్‌గా మార్చారు, మ్యాగజైన్ చోట చెక్క దిమ్మ పెట్టి ఒక్కో రౌండే వేసుకునేలా చేశారు. ఎవరైనా లాక్కున్నా అందులో సైన్యపు రౌండు పనిచేయదు, అదీ ఆలోచన. మార్పు అంటే ఎప్పుడూ బలం పెంచడమే కాదు, తగ్గించడం కూడా, దానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

1962 చైనా యుద్ధం తర్వాత ఈశాపూర్ అదే పాత డిజైన్‌ని 7.62 రౌండుకి మార్చి 2ఏ, 2ఏ1 రైఫిళ్లు చేసింది. ఆ రౌండు ఒత్తిడి ఎక్కువ కాబట్టి గట్టి ఉక్కు వాడారు, మ్యాగజైన్ మార్చి 12 రౌండ్లు పట్టేలా చేశారు. 2ఏ1లో వెనక సైట్ 2000 మీటర్ల గీతలు తీసేసి 800కి కుదించారు, నిజంగా ఎవరూ 2000 మీటర్ల దూరం కొట్టరు కాబట్టి. బయట నుంచి చూస్తే పాతదే, లోపల లెక్కంతా వేరు. పాత త్రీనాట్‌త్రీని ఇంట్లోనో షెడ్డులోనో 7.62కి మార్చేద్దాం అనుకునేవాళ్లు ఒక ఫ్యాక్టరీ మొత్తం ఉక్కు ఎందుకు మార్చిందో ఆలోచించాలి.

చిత్తూరు జిల్లాలో పొలం కాపలాకి లైసెన్సు తుపాకీ ఉన్న రైతులు ఉన్నారు, కుప్పం, పలమనేరు వైపు ఏనుగులూ అడవి పందులూ పంట మీద పడే బాధ వాళ్లకే తెలుసు. వాళ్ల దగ్గర ఉండేది ఎక్కువగా సింగిల్ బ్యారెల్, డబుల్ బ్యారెల్ 12 బోరు. పందిని కొట్టాలన్నా 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి కావాలి, ఏనుగు జోలికి వెళ్లకూడదు. ఎన్నికల కోడ్ వస్తే తుపాకీ స్టేషన్లో డిపాజిట్ చేయమంటారు. 2019 సవరణ తర్వాత ఒకరి పేరు మీద రెండు తుపాకులకు మించి ఉండకూడదు. ఇవన్నీ వాళ్లకి కంఠతా వచ్చు. కానీ మార్పుల దగ్గర మాత్రం తెలియక తప్పు చేసే అవకాశం ఉంది. 1959 ఆయుధాల చట్టంలో ఆయుధం అంటే తుపాకీ ఒక్కటే కాదు, దాని భాగాలు కూడా. శబ్దం, మంట తగ్గించే సామాను విడిగా ఉన్నా సరే, అది తుపాకీ కిందే లెక్క. బ్యారెల్ పొట్టి చేయడానికి, ఒక రకం తుపాకీని ఇంకో రకంగా మార్చడానికి ప్రత్యేక లైసెన్సు కావాలి. బైకుకి ఎగ్జాస్ట్ తెప్పించినట్టు ఎక్కడి నుంచో పార్సెల్ తెప్పించుకుని బిగిస్తే లైసెన్సు ఒక్కటే కాదు, చాలా పోతుంది. లైసెన్సు ఉన్న డీలరు, లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ దాటి ఎవరి చేతికీ ఇవ్వకూడదు, తెలిసినవాడే కదా, లేత్ మిషను ఉంది కదా అని అసలే ఇవ్వకూడదు.

బ్యారెల్ కోయాలనే ఆశకి చట్టమే కాదు, చరిత్ర కూడా అడ్డం. బర్మా అడవుల్లాంటి చోట్లకి పొడవు రైఫిల్ కష్టమని బ్రిటన్ 1944లో నంబర్ 5 చేసింది, జంగిల్ కార్బైన్ అని పేరు. బ్యారెల్ పొట్టి, చెక్క తగ్గించారు, బాడీలో కూడా అక్కడక్కడ ఇనుము చెక్కేసి బరువు తగ్గించారు, ముందు గరాటా లాంటి మంట కవచం పెట్టారు. చూస్తే చాలా ముచ్చటగా ఉంటుంది. కానీ కొట్టినప్పుడు భుజం పగిలేది, మంట, శబ్దం ఎక్కువ, అన్నిటికంటే గురి ఒక రోజు కుదిరింది ఇంకో రోజుకి జరిగిపోతోందని ఫిర్యాదులు వచ్చాయి. యుద్ధం అయ్యాక ఎక్కువ కాలం నడపలేదు. పెద్ద ఫ్యాక్టరీ, ఇంజనీర్లు, సైన్యం డబ్బు అన్నీ ఉండి చేసిందే అలా అయితే, గ్యారేజీలో హ్యాక్సా బ్లేడుతో చేసేది ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

అంటే ఏమీ మార్చకూడదా? మార్చొచ్చు, చాలానే ఉంది, కాకపోతే అవన్నీ చూడటానికి అంత గొప్పగా ఉండవు. మొదటిది బట్ పొడవు. సైన్యమే బట్‌లని నాలుగు సైజుల్లో చేసింది, బాంటమ్, షార్ట్, నార్మల్, లాంగ్ అని, చెక్క మీద బి, ఎస్, ఎన్, ఎల్ అక్షరాలు కొట్టి. మనిషి చెయ్యి పొడవుకి తగ్గ బట్ ఉంటే భుజానికి దెబ్బ తగ్గుతుంది, ట్రిగ్గర్ మీద వేలు సరిగ్గా కూర్చుంటుంది, సగం గురి అక్కడే కుదురుతుంది. ఏ ఖరీదైన ట్రిగ్గర్ కిట్టూ ఇంత ఉపయోగం ఇవ్వదు. అయితే పాత నంబర్ 1 మార్క్ 3 బట్ మార్చేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. బట్ లోపల పొడవాటి బోల్టు ఉంటుంది, దాని చతురస్రపు కొస ముందుకి వచ్చి ఫోరెండ్ వెనక ఉన్న రేకులో ఇరుక్కుని ఉంటుంది. ఫోరెండ్ తీయకుండా వెనక నుంచి స్క్రూడ్రైవర్ పెట్టి ఆ బోల్టు తిప్పితే ఆ కొస తిరిగి ముందు చెక్కని చీల్చేస్తుంది. 'పట్' మని ఒక శబ్దం వస్తుంది, వందేళ్ల చెక్క పోయినట్టే. ముందు ఫోరెండ్, తర్వాతే బట్, ఈ వరస మర్చిపోకూడదు.

భుజం నొప్పికి తొడుగులా వేసుకునే రబ్బరు ప్యాడ్ చాలు, స్క్రూలు అక్కర్లేదు, సాయంత్రం తీసి పెట్టేయొచ్చు. స్లింగ్ మంచిది కొనుక్కుంటే చెయ్యి కదలకుండా నిలుస్తుంది. స్కోప్ కావాల్సిందే అనుకుంటే రంధ్రం వేయని మౌంటే. చెంప కింద ఎత్తుకి తోలు దిండు లాంటిది కట్టుకోవచ్చు. తీసిన ప్రతి భాగాన్ని, ఆఖరికి ఒక వాషరు అయినా, రైఫిల్ నంబరు రాసిన గుడ్డ సంచిలో దాచాలి, పిల్లలు పాత భాగాలు పారేస్తే తర్వాత దొరకడం కష్టం, దొరికినా ఆ నంబరు ఉండదు.

చెక్క మీద మాత్రం ఉప్పుకాగితం పెట్టకూడదు. బట్ పక్కన గుండ్రటి ముద్రలు, చిన్న చిన్న అక్షరాలు ఉంటాయి, బాడీ మీద, బ్రిటిష్ కాలపు ఈశాపూర్ రైఫిల్ అయితే జీఆర్ఐ అనే బ్రిటిష్ రాజు అక్షరాలు, స్వాతంత్ర్యం తర్వాతదైతే ఆర్ఎఫ్ఐ అనే ఫ్యాక్టరీ అక్షరాలు, మూడు సింహాల ముద్ర. ఆ రైఫిల్ ఏ సంవత్సరం పుట్టింది, ఎక్కడెక్కడ తిరిగింది, ఎన్నిసార్లు రిపేరు అయింది అని చెప్పేది అవే. రాపిడి కొడితే చెక్క కొత్తగా మెరుస్తుంది, కథ మొత్తం పొడిలో కలిసిపోతుంది. వేడి నీళ్ల గుడ్డతో మురికి తుడిచి, ఆరాక అవిసె నూనె రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని, చేతి వేడి తగిలేదాకా రుద్దడమే మంచిది. మొదటి రోజు జిడ్డుగా ఉంటుంది. వారం రోజులు ఆగి మళ్లీ రుద్దితే చెక్క లోపలి ఎరుపు నెమ్మదిగా పైకి వస్తుంది, అప్పుడు చూడాలి దాని అందం.

ఇక శుభ్రం. బట్ వెనక ఇత్తడి రేకు మీద చిన్న మూత ఉంటుంది, బొటనవేలితో నొక్కి లేపితే లోపల గొట్టంలాంటి ఖాళీ, అందులో నూనె సీసా, కొసకి ఇత్తడి బరువు కట్టిన పుల్‌త్రూ తాడు. పోలీసు ట్రైనింగులో, ఎన్‌సీసీలో దాన్ని చూడనివాళ్లు ఉండరు, చిందీ గుడ్డ దూర్చి బ్యారెల్‌లోంచి లాగడమూ అందరికీ వచ్చు. సర్‌ప్లస్ రౌండ్లతో కొట్టేవాళ్లు మాత్రం చిందీకి ముందు నీళ్లు వాడాలి. పాత రౌండ్ల అడుగున మందుకి నిప్పు అంటించే ప్రైమర్లో పొటాషియం క్లోరేట్ ఉండేది, పేలాక అది ఉప్పుగా మారి బ్యారెల్ లోపల అంటుకుంటుంది, ఉప్పు గాలిలో తేమని లాక్కుంటుంది, తుప్పు పడుతుంది. నూనెకి ఉప్పు కరగదు, నీళ్లకే కరుగుతుంది. అందుకే పాత బ్రిటిష్ సైనికులు గరాటా పెట్టి మరిగే నీళ్లు బ్యారెల్‌లో పోసేవారు, ఆ వేడికే ఇనుము త్వరగా ఆరేది, తర్వాత నూనె. నవంబరులో తిరుపతిలో వరసగా వారం రోజులు వాన పట్టినప్పుడు బీరువాలో బట్టలకే బూజు వస్తుంది, ఇక ఇనుము మాట చెప్పాలా. ఆ వారంలో కొట్టినా కొట్టకపోయినా, లైసెన్సు తుపాకీ ఉన్న ఇంట్లో రెండు రోజులకోసారి ఖాళీ చేసి, బ్యారెల్‌లోంచి వెలుతురు చూసి, నూనె గుడ్డ ఒకసారి లాగి, తాళం వేసి పెట్టడమే అన్నిటికంటే మంచి కస్టమైజేషన్. స్కోప్ తర్వాత కొనుక్కోవచ్చు.